పాత ఎఫ్‌టీ-101ఈ హ్యామ్ రేడియో సెట్లో మీటరు, ట్యూనింగ్ తిప్పలు: స్క్రూ తిప్పే ముందు ఏమేం కొలవాలి

"అన్నా, ట్యూన్ చేస్తుంటే సూది లేస్తలేదు, ఫైనల్స్ పోయినట్టేనా?" కరీంనగర్ నుంచో, మంచిర్యాల నుంచో, లేదంటే ఇక్కడే కాజీపేట నుంచో నెలకు రెండు మూడు సార్లు ఈ ప్రశ్న వస్తోంది. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే సగం అర్థమై సగం కాక, మధ్యలో ఒక స్క్రూ తిప్పేసి మళ్లీ ఫోన్ చేస్తున్నారు. అందుకే మొత్తం వరుసగా రాస్తున్నా.

ఉదాహరణకు యాసు ఎఫ్‌టీ-101ఈ తీసుకున్నా, ఎందుకంటే మన దగ్గర చేతులు మారుతున్న పాత సెట్లలో ఎక్కువగా అడుగుతున్నది దాని గురించే. దీంట్లో ఫైనల్స్‌కు సిగ్నల్ అందించే డ్రైవర్ వాల్వు 12బీవై7ఏ, పవర్ పెంచి యాంటెనాకు పంపే ఫైనల్స్ రెండు 6జేఎస్6సీ వాల్వులు, మిగతాదంతా ట్రాన్సిస్టర్లు. కెన్‌వుడ్ టీఎస్-520 ఉన్నవాళ్లకు డ్రైవర్ ఇదే, ఫైనల్స్ మాత్రం 6146బీ జాతికి చెందిన ఎస్2001లు. వాళ్లకూ వరుస ఇదే, కొన్ని అంకెలు మారతాయి.

మొదటే ఒక మాట గట్టిగా చెబుతా. మీటరు చూపించేది నిజమో కాదో తేలకముందు ఏ కాయిల్‌నూ, ఏ ప్రీసెట్‌నూ (స్క్రూతో తిప్పే చిన్న సర్దుబాటు రెసిస్టర్) ముట్టుకోవద్దు. నా బల్ల మీదికి వచ్చిన సెట్లలో అసలు రోగం చిన్నదే ఉంటుంది, మీటరు మాట నమ్మి తిప్పిన స్క్రూలను మళ్లీ చోటికి తేవడానికే రోజులు పడుతుంది.

1. ముందు ప్రాణం, తర్వాతే సెట్టు

ఫైనల్స్ ప్లేట్ (వాల్వు లోపలి ఒక భాగం, కాథోడ్, గ్రిడ్, స్క్రీన్ మిగతావి) మీద 600 వోల్టుల డీసీ ఉంటుంది. ఇంట్లో కరెంటు షాక్ లాగా విదిలించి వదిలేసే రకం కాదిది. ముందు ప్యానెల్ మీది హీటర్ స్విచ్ ఆఫ్ చేసినంత మాత్రాన హైవోల్టేజి పోయిందనుకోవద్దు, ఆ స్విచ్ వాల్వుల లోపలి హీటర్ల కోసం.

- సెట్ తెరిచే ముందు ప్లగ్ గోడలోంచి పీకి, కనిపించేలా బల్ల మీద పెట్టండి. స్విచ్‌బోర్డు స్విచ్ ఒక్కటే నమ్ముకోవద్దు.
- ఐదు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత 1000 వోల్టుల మీటరుతో హైవోల్టేజి కెపాసిటర్ మీద కొలవండి.
- ఇంకా వోల్టేజి ఉంటే 10 కిలో ఓముల 10 వాట్ల రెసిస్టర్ ద్వారా దించండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే కెపాసిటర్, కాంటాక్టులు దెబ్బతింటాయి.
- కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే, ఆఫ్‌లో ఉండగానే క్లిప్ తగిలించి, ఆన్ చేసి, చేతులు దూరంగా పెట్టి చూడండి. ఉంగరం, చేతి గడియారం, మెడలో గొలుసు తీసేయండి.
- ఇంట్లో ఇంకో మనిషి లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఏదైనా అయితే మెయిన్ ఎక్కడ ఆపాలో వాళ్లకు ముందే చూపించండి.

ఇంకోటి, ట్రాన్స్‌మిట్ చేయాలంటే కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే లైసెన్స్ ఉండాలి. లేనివాళ్లు డమ్మీ లోడ్ (యాంటెనా బదులు పెట్టే రెసిస్టర్) మీద కూడా సొంతంగా ప్రయోగాలు చేయకుండా, లైసెన్స్ ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిజిటల్ మల్టీమీటర్, 1000 వోల్టుల డీసీ తట్టుకునేది, ప్రోబ్ వైర్లు పగలనిది.
- 50 ఓముల డమ్మీ లోడ్.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కాంటాక్ట్ క్లీనర్, మెత్తటి బ్రష్, అగ్గిపుల్లలు లేదా టూత్‌పిక్‌లు.
- ప్లాస్టిక్ లేదా ఫైబర్ ట్రిమ్మింగ్ టూల్.
- సిరీస్ బల్బు బోర్డు, అంటే హోల్డర్, 100 వాట్ల ఫిలమెంట్ బల్బు, సాకెట్ ఒకే వరుసలో ఉన్నది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు.
- మీ మోడల్ సర్వీస్ మాన్యువల్, సర్క్యూట్ ప్రింట్ తీసినది.
- కాగితం, పెన్ను. ఇది అన్నిటికంటే ముఖ్యం.

డమ్మీ లోడ్ కొనలేకపోతే, 1 కిలో ఓము 2 వాట్ల ఫిల్మ్ రెసిస్టర్లు 20 తెచ్చి సమాంతరంగా కలపండి. 50 ఓములు, 40 వాట్లు వస్తుంది, సెకన్ల లెక్కన చేసే ట్యూనింగ్‌కు సరిపోతుంది. వైర్‌వౌండ్ రెసిస్టర్లు వద్దు, అవి తీగ చుట్టలు కాబట్టి ఆర్‌ఎఫ్‌కు (రేడియో సిగ్నల్‌కు) కాయిల్ లాగా పనిచేస్తాయి. కోఠీలోని గుజరాతీ గల్లీలో ఈ సైజు రెసిస్టర్లు దొరుకుతాయి, హైదరాబాద్ వెళ్లే వాళ్లతో తెప్పించుకోవచ్చు.

డమ్మీ లోడ్‌గా ఇంట్లో బల్బు పెడతామంటారు చాలామంది. 230 వోల్టుల 100 వాట్ల బల్బు చల్లగా ఉన్నప్పుడు 40 ఓముల చుట్టూ ఉంటుంది, పూర్తిగా వెలిగితే 529 ఓములు. మీరు ట్యూన్ చేసేకొద్దీ లోడ్ మారుతూ పోతుంది, మీరు దాని వెనక తిరుగుతూ ఉంటారు. బల్బు వెలిగిందంటే పవర్ వస్తోందని తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు.

3. ఇంటి వోల్టేజి ఎంతుందో చూశారా?

మన ఊళ్లలో ఇది వదిలేయలేని మెట్టు. పరకాల వైపు ఊళ్లో ఉండే ఒక మిత్రుడి ఇంట్లో పగలు బోరు మోటార్లు నడుస్తుంటే 195, రాత్రి పది దాటితే 250. అదే సెట్టు, అదే యాంటెనా, అయినా మీటరు మీద ఐసీ (ఫైనల్స్ కరెంటు) పగలు ఒకటి, రాత్రి ఇంకోటి. ఆయన మూడు వారాలు బయాస్ (ఆ కరెంటును అదుపు చేసే గ్రిడ్ నెగెటివ్ వోల్టేజి) తిప్పుతూనే ఉన్నాడు.

ఎఫ్‌టీ-101ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కు 100, 110, 117, 200, 220, 234 వోల్టుల ట్యాపింగ్‌లు (ఇంటి వోల్టేజిని బట్టి మార్చుకునే కనెక్షన్లు) ఉంటాయి. బయటి దేశం నుంచి వచ్చిన సెట్టయితే అది ఏ ట్యాపింగ్ మీద ఉందో చూడకుండా ప్లగ్ పెట్టొద్దు. 117 మీద ఉన్నదాన్ని మన 230కి పెడితే నిమిషంలో పొగ.

220 ట్యాపింగ్ మీద ఉన్న సెట్టుకు 245 వోల్టులు ఇస్తే అన్ని వోల్టేజిలూ 11 శాతం పెరుగుతాయి. ప్లేట్ మీద 600 కాస్తా 660 దాటుతుంది, హీటర్లు అవసరానికి మించి కాలి వాల్వు ఆయుష్షు తగ్గుతుంది. మన దగ్గర 234 ట్యాపింగే సరైనది. ఎక్కువ తక్కువలు బాగా ఉన్నచోట స్టెబిలైజర్ పెట్టండి, కానీ ట్యూన్ చేస్తున్నప్పుడు దాని రిలే టకటకమంటుంటే ఆ రీడింగ్ రాయొద్దు, నిలకడ వచ్చాక రాయండి.

4. చాలాకాలం మూలన పడున్న సెట్టును మొదటిసారి ఆన్ చేయడం

ముందు పై కవర్, కింది కవర్ తీసి టార్చ్ వేసి చూడండి. ఎనుమాముల మార్కెట్ దగ్గర ఉండే ఒక తమ్ముడు తెచ్చిన సెట్టు తెరిస్తే, ఫైనల్స్ కేజ్ జాలీకి పత్తి నూగు బూడిదరంగు గుడ్డలా అల్లుకుపోయి ఉంది, దాని కింద ప్లేట్ కెపాసిటర్ రేకుల మధ్య కందిరీగ పెట్టిన మట్టిగూడు. ఆ మట్టి కొంచెం తేమ పట్టినా 600 వోల్టులకు దారి అయ్యేది. బ్రష్‌తో మెల్లగా రాలగొట్టి, ఊది, ఆల్కహాల్ అద్దిన అగ్గిపుల్లతో ఒక్కో రేకు మధ్యా తుడిచాం. గంటన్నర పట్టింది. కంప్రెసర్ గాలి పెట్టొద్దు, రేకులు వంగుతాయి.

తర్వాత హీటర్ స్విచ్ ఆఫ్‌లో ఉంచి సిరీస్ బల్బు ద్వారా ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిది. వెలుగు అలాగే నిండుగా నిలిచిపోతే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపి ఫిల్టర్ కెపాసిటర్లు, డయోడ్లు చూడండి. ఉబ్బిన కెపాసిటర్, కారిన కెపాసిటర్ ఉంటే దాన్ని మార్చకుండా ముందుకు పోవద్దు.

5. మీటరు నిజం చెబుతోందా?

ఈ సెట్లో మీటరు ఒక్కటే, పనులు నాలుగు. వింటున్నప్పుడు ఎస్-మీటరు, అంటే వచ్చే సిగ్నల్ బలం. ట్రాన్స్‌మిట్‌లో స్విచ్‌ను బట్టి ఐసీ, పీఓ (అవుట్‌పుట్ పవర్), ఏఎల్‌సీ (డ్రైవ్ మితిమీరకుండా చూసే సర్క్యూట్). ఇక్కడ ఐసీ అంటే చిప్ కాదు, ఫైనల్స్ కాథోడ్ కరెంటు. అది తెలిస్తేనే సగం గందరగోళం పోతుంది. ప్లేట్ కరెంటుతో పాటు స్క్రీన్ కరెంటు కూడా కాథోడ్ గుండానే పోతుంది కాబట్టి, ఐసీ అంకె అసలు ప్లేట్ కరెంటు కంటే కాస్త ఎక్కువే ఉంటుంది.

ముందు చేయాల్సిన పరీక్ష చాలా సులువు. నాలుగు పనుల్లో ఒక్కటే తప్పా, నాలుగూ తప్పా? నాలుగింట్లోనూ సూది కదలకపోతే మీటరునో, దానికి పోయే స్విచ్‌నో అనుమానించండి. ఒక్కదాంట్లోనే తప్పయితే మీటరు బాగానే ఉంది, ఆ ఒక్క దారిలో లోపం ఉంది.

సూది మధ్యలో అతుక్కుంటే: ఎండాకాలం పొడి గాలికి మీటరు ప్లాస్టిక్ మూత మీద స్టాటిక్ నిలుస్తుంది, సూదిని పైకి లాగి పట్టుకుంటుంది. గుడ్డతో గట్టిగా తుడిచాక ఈ సమస్య మొదలైందని చెప్పినవాళ్లు ఉన్నారు, కారణం అదే. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క నీళ్లలో కలిపి, గుడ్డ తడిపి, పిండి, మూత బయటి వైపు మెల్లగా అద్ది ఆరనివ్వండి. అప్పటికీ ప్రతిసారీ ఒకే అంకె దగ్గర ఆగుతుంటే లోపల అయస్కాంతం సందులో ఇనుప రజను ఇరుక్కుంది. అలవాటు లేనివాళ్లు దాన్ని తెరవొద్దు, చేతి గడియారాలు బాగుచేసే వాళ్ల చెయ్యి దీనికి బాగా పనికొస్తుంది.

మీటరు బతికుందా అని చూడాలంటే: దాని వైర్లలో ఒకటి విడదీసి, 1.5 వోల్టుల సెల్, 15 కిలో ఓముల రెసిస్టర్ వరుసలో పెట్టి తాకించండి. 0.1 మిల్లీఆంప్ పోతుంది, సూది కొంచెం కదలాలి. కదలకపోతే రెసిస్టర్‌ను మెల్లగా 1.5 కిలో ఓముల దాకా దించండి. అప్పుడూ కదలకపోతే కాయిల్ తెగింది. మల్టీమీటరు ఓమ్స్ రేంజి నేరుగా పెట్టొద్దు, ముఖ్యంగా సూది ఉండే పాత మల్టీమీటర్లు. వాటి నుంచి వచ్చే కరెంటుకే సన్నటి కాయిల్ కాలిపోవచ్చు.

ఐసీ అంకె నిజమా: సర్క్యూట్‌లో ఫైనల్స్ కాథోడ్ నుంచి గ్రౌండ్‌కు పోయే రెసిస్టర్ చూడండి. ఆఫ్‌లో దాని విలువ కొలిచి రాసుకోండి. తర్వాత ట్రాన్స్‌మిట్‌లో దాని మీద వోల్టేజి కొలిచి, విలువతో భాగించండి. రెసిస్టర్ 10 ఓములనుకోండి, 60 మిల్లీఆంప్ పోతుంటే 0.6 వోల్టులు రావాలి. మీ లెక్కకూ మీటరుకూ పొంతన లేకపోతే ఆ రెసిస్టర్ విలువ మారింది, లేదా మీటరు స్విచ్ కాంటాక్టులు మాడిపోయాయి. చాలాసార్లు స్విచ్చే. క్లీనర్ ఒక్క చుక్క వేసి ఇరవై ముప్పై సార్లు అటూ ఇటూ తిప్పండి.

పీఓ కదలకపోతే: ఇది వాట్లు చూపించదు, అవుట్‌పుట్‌లో కొంచెం ఆర్‌ఎఫ్ తీసి డయోడ్‌తో డీసీగా మార్చి చూపిస్తుంది, అంతే. బల్బు వెలుగుతోంది, అవతలి వాళ్లు బాగానే వింటున్నారు, పీఓ మాత్రం సున్నా అంటే ఆ డయోడ్ పోయినట్టే. జెర్మేనియం డయోడ్ వేయండి, 1ఎన్34ఏ గానీ, పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో ఉండే ఓఏ79 గానీ సరిపోతుంది. మామూలు సిలికాన్ డయోడ్ వేస్తే తక్కువ పవర్‌లో సూది లేవదు. డయోడ్ మార్చాకే దాని పక్కనున్న సెన్సిటివిటీ ప్రీసెట్ తిప్పండి, అంతకు ముందు వద్దు.

ఎస్-మీటరు సున్నాకు రాకపోతే: ముందు ఆర్‌ఎఫ్ గెయిన్ పూర్తిగా పెంచి చూడండి. చాలా పాత సెట్లలో ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గిస్తే సూది పైకి లేస్తుంది, అది లోపం కాదు, దాని పద్ధతే అంత. దీన్ని లోపమనుకుని ఐఎఫ్ (ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ) బోర్డు మీద ప్రీసెట్లన్నీ తిప్పిన సెట్లు మూడు చూశాను. యాంటెనా తీసి, గెయిన్ నిండుగా పెట్టి, సెట్టు అరగంట వేడెక్కాక కూడా సూది సున్నా మీద లేకపోతే అప్పుడు సున్నా ప్రీసెట్ ముట్టుకోండి.

6. సరైన ట్యూనింగ్ వరుస

అందరూ తొందరపడేది ఇక్కడే. పూర్తి క్యారియర్ (మాట లేని నిలకడ సిగ్నల్) పెట్టి, ఏ నాబ్ చేతికి వస్తే అది తిప్పుతారు. దానికయ్యే ఖర్చెంతో లెక్క వేసి చూడండి. ప్లేట్ మీద 600 వోల్టులు, ఐసీ 300 మిల్లీఆంప్, అంటే 180 వాట్లు లోపలికి పోతున్నాయి. సెట్టు ట్యూన్‌లో ఉంటే దాంట్లో సగానికి పైగా యాంటెనాకు పోతుంది. ట్యూన్ తప్పితే దాదాపు అంతా వాల్వుల్లోనే వేడి అవుతుంది. ఒక్కో 6జేఎస్6సీ ప్లేట్ తట్టుకునేది 30 వాట్లు, రెండూ కలిపి 60. అందుకే ట్యూనింగ్ ఒక్కో విడత పది సెకన్లు దాటొద్దు, మధ్యలో అర నిమిషం ఆగాలి. మే నెలలో మన గదిలోనే 40 డిగ్రీలుంటాయి, అప్పుడు వెనక చిన్న ఫ్యాన్ పెట్టి, ఆగే టైం నిమిషానికి పెంచండి.

ముందుగా బయాస్:

- డమ్మీ లోడ్ తగిలించండి. హీటర్లు ఆన్ చేసి ఐదు నిమిషాలు ఆగండి.
- మోడ్ యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్), మైక్ గెయిన్ సున్నా, క్యారియర్ సున్నా, మీటరు ఐసీ.
- ఎంఓఎక్స్ (చేత్తో ట్రాన్స్‌మిట్‌లోకి మార్చే స్విచ్) ఆన్. ఐసీ 60 మిల్లీఆంప్ ఉండాలి. లేకపోతే బయాస్ ప్రీసెట్‌తో అక్కడికి తెచ్చి, పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి.

తర్వాత ట్యూనింగ్:

- బ్యాండ్ 40 మీటర్లు, డయల్ 7.1 మెగాహెర్ట్జ్. ప్రీసెలెక్టర్, ప్లేట్, లోడింగ్ నాబ్‌లను ఆ బ్యాండ్ గుర్తుల మీద పెట్టండి.
- వింటూ ప్రీసెలెక్టర్ తిప్పి, హోరు ఎక్కువగా వచ్చే చోట ఆపండి.
- మోడ్ ట్యూన్, ఎంఓఎక్స్ ఆన్. క్యారియర్‌ను మెల్లగా పెంచండి, ఐసీ 60 నుంచి 100 దాకా వస్తే చాలు. ప్రీసెలెక్టర్‌ను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి ఐసీ ఎక్కువ చేయండి.
- ప్లేట్ నాబ్ తిప్పి డిప్ (ఐసీ ఒక్కసారిగా పడిపోయే చోటు) పట్టండి. ఎంఓఎక్స్ ఆఫ్, ఊపిరి తీసుకోండి.
- మీటరు పీఓకి మార్చండి. క్యారియర్ పెంచి, లోడింగ్ కొంచెం, ప్లేట్ కొంచెం, మళ్లీ లోడింగ్ కొంచెం, ఇలా ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ పీఓ ఎక్కడ ఎక్కువ ఉందో అక్కడ ఆపండి.

డిప్ ఎలా ఉండాలో కొత్తవాళ్లకు ఎవరూ చూపించరు. ప్లేట్ నాబ్‌ను గోరు వెడల్పు కంటే తక్కువగా తిప్పుతుంటే 100 మీదున్న సూది మొదట ఏమీ ఎరగనట్టు ఉంటుంది, ఉన్నట్టుండి లోయలోకి దిగినట్టు 75కో 80కో జారి, ఇంకో వెంట్రుకవాసి తిప్పగానే మళ్లీ లేస్తుంది. ఆ లోయ అడుగే రెజొనెన్స్. లోడింగ్ పెంచేకొద్దీ లోయ లోతు తగ్గుతుంది, అది మామూలే. 80 మీటర్లలో వెడల్పుగా, 10 మీటర్లలో సూది మొనంత సన్నగా ఉంటుంది, అందుకే 10లో నాబ్ గబుక్కున తిప్పితే డిప్ దాటిపోయిందని కూడా తెలియదు.

డమ్మీ లోడ్ మీద ఇవన్నీ బాగుండి, డాబా మీది డైపోల్ పెట్టగానే చెడిపోతే తప్పు యాంటెనాది. 7.1 మెగాహెర్ట్జ్‌కి అర తరంగం డైపోల్ మొత్తం 20 మీటర్ల చుట్టూ ఉండాలి. కనెక్టర్‌లో నీళ్లు దిగాయా చూడండి, వాన తర్వాత నేను మొదట చూసేది అదే.

7. ట్యూన్ కాకపోతే: ఏ లక్షణానికి ఏది చూడాలి

7.1 ఐసీ అసలు లేవదు, 60 కూడా రాదు

వెనక ప్యానెల్ మీద యాక్సెసరీ సాకెట్ ఉంటుంది, దాంట్లో 11 పిన్నుల ప్లగ్ ఒకటి ఉండాలి. ఫైనల్స్ హీటర్ల కరెంటు ఆ ప్లగ్ లోపలి జంపర్ గుండా పోతుంది. ప్లగ్ లేకపోతే ఫైనల్స్ వెలగవు, మిగతా సెట్టంతా భేషుగ్గా వినిపిస్తుంది. నేను మొదటి సెట్టు కొన్నప్పుడు అమ్మినవాళ్లు ఆ ప్లగ్ ఇవ్వలేదు, అలాంటిది ఒకటుందని నాకూ తెలియదు. ఫైనల్స్ పోయాయనుకుని కొత్త జత తెప్పించా, అవీ వెలగలేదు. నెల జీతంలో పెద్ద ముక్క పోయింది. మీకు అలా కావద్దనే ఇది మొదట రాశాను.

- లైటు ఆర్పి జాలీలోంచి చూడండి, రెండు వాల్వుల్లోనూ ఎర్రటి వెలుగు ఉందా?
- హీటర్ స్విచ్ ఆన్‌లో ఉందా, యాక్సెసరీ ప్లగ్ ఉందా?
- స్క్రీన్ వోల్టేజి వస్తోందా? రాకపోతే స్క్రీన్ రెసిస్టర్, రిలే కాంటాక్టులు.
- బయాస్ మరీ నెగెటివ్‌లో ఉండిపోయిందా? అలాగైతే ట్రాన్స్‌మిట్‌లో రిలే బయాస్‌ను మార్చడం లేదు.

7.2 ఐసీ 60 వస్తుంది, క్యారియర్ పెంచినా అక్కడే ఉంటుంది

ఫైనల్స్‌కు డ్రైవ్ అందడం లేదు. ఒక్క బ్యాండ్‌లోనే ఇలా ఉంటే బ్యాండ్ స్విచ్ కాంటాక్టు లేదా ఆ బ్యాండ్ క్రిస్టల్. అన్ని బ్యాండ్లలోనూ ఉంటే 12బీవై7ఏ మార్చి చూడండి, తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష.

తర్వాత బోర్డులు. ఈ సెట్లో బోర్డులు చాలావరకు సాకెట్లలో గుచ్చి ఉంటాయి. వానాకాలం తేమకు అంచు కాంటాక్టులు నల్లబడతాయి. సెట్ ఆఫ్ చేసి, ఫొటో తీసుకుని, ఒక్కో బోర్డు నిటారుగా పైకి లాగి, ఆల్కహాల్‌తో తుడిచి, అదే చోట గుచ్చండి. గరుకు కాగితం పెట్టొద్దు, పూత లేచిపోతుంది. ఒకేసారి రెండు బోర్డులు బయట పెట్టొద్దు.

7.3 ఐసీ దానంతటదే పైకి పోతూ ఉంటుంది

ఇది అత్యంత ప్రమాదకరమైనది. ఎంఓఎక్స్ ఆన్ చేశాక 60తో మొదలై 80, 100, 130 అని చేయి పెట్టకుండానే ఎక్కుతుంటే వెంటనే ఆపండి. డ్రైవర్ ప్లేట్ నుంచి ఫైనల్స్ గ్రిడ్‌కు పోయే కప్లింగ్ కెపాసిటర్ లీక్ అవుతోందేమో మొదట చూడాలి. దానికి ఒకవైపు డ్రైవర్ పాజిటివ్ వోల్టేజి, ఇంకోవైపు ఫైనల్స్ నెగెటివ్ బయాస్. కొంచెం లీక్ అయినా గ్రిడ్ పాజిటివ్ వైపు జరిగి, వాల్వులు పూర్తిగా తెరుచుకుని ప్లేట్లు ఎర్రబడతాయి.

పరీక్ష ఇలా. రిసీవ్‌లో ఉంచి, బయాస్ సప్లయి వైపు వోల్టేజి, గ్రిడ్ పిన్ దగ్గర వోల్టేజి రెండూ కొలవండి. మామూలుగా రెండూ ఒకటే ఉండాలి. గ్రిడ్ దగ్గర రెండు మూడు వోల్టులు తక్కువ నెగెటివ్‌గా ఉన్నా ఎక్కడి నుంచో కరెంటు వస్తోందన్న మాట. అది కెపాసిటర్ నుంచా, గ్యాస్ పట్టిన వాల్వు నుంచా తేల్చడానికి, సెట్ ఆఫ్ చేసి, హైవోల్టేజి దింపి, ఫైనల్స్ రెండూ తీసి మళ్లీ కొలవండి. తేడా ఇంకా ఉంటే కెపాసిటర్. అంతే విలువ ఉన్న 1 కిలోవోల్టు మైకా వేయండి. పాత ఎఫ్‌టీ-101 ఏది చేతికొచ్చినా, బాగున్నా బాగా లేకున్నా, నేను దీన్ని ముందే మార్చేస్తా.

7.4 ఐసీ బాగా వస్తుంది, డిప్ లేదు

బ్యాండ్ స్విచ్, ప్లేట్ నాబ్ గుర్తులు సరిపోయాయా? నాబ్ స్క్రూ వదులై షాఫ్ట్ మీద జారితే గుర్తు ఒకచోట, కెపాసిటర్ ఇంకోచోట. కవర్ తీసి, ప్లగ్ పీకి, హైవోల్టేజి లేదని కొలిచాక, నాబ్ తిప్పుతుంటే రేకులు కదులుతున్నాయా కంటితో చూడండి.

7.5 డిప్ ఉంది, పీఓ తక్కువ

వాల్వులు అలసిపోయాయి, లేదా జతలో ఒకటే పనిచేస్తోంది. చీకట్లో చూస్తే ఒకటి మాత్రమే వేడెక్కి ప్లేట్ రంగు మారుతుంటే సరిపోలని జత. కొత్తవి కొంటే ఒకే కంపెనీ జత కొనండి. పెట్టె మీద పేరు చూసి కాదు, లోపలి ప్లేట్ల ఆకారం రెండింట్లోనూ ఒకటేనా చూసి కొనండి. వాల్వులు మార్చాక బయాస్, న్యూట్రలైజేషన్ (ప్లేట్ నుంచి గ్రిడ్‌కు వెనక్కి వచ్చే సిగ్నల్‌ను రద్దు చేయడం) రెండూ మళ్లీ చేయాల్సిందే.

8. న్యూట్రలైజేషన్

ఎప్పుడు అవసరం? ఐసీ డిప్ ఒకచోట, పీఓ ఎక్కువ ఇంకోచోట వస్తుంటే. వాల్వులు మార్చనప్పుడు ఇది తనంతట తాను చెడిపోవడం అరుదు, అందుకే దీన్ని చివరికి ఉంచాను.

- 10 మీటర్ల బ్యాండ్, డమ్మీ లోడ్, తక్కువ క్యారియర్. మామూలుగా ట్యూన్ చేయండి.
- ప్లేట్ నాబ్‌ను డిప్‌కు రెండు వైపులా తిప్పి, డిప్ ఏ గీత మీద, పీఓ ఎక్కువ ఏ గీత మీద వచ్చాయో రాయండి.
- ఫైబర్ టూల్‌తో న్యూట్రలైజింగ్ ట్రిమ్మర్‌ను పావు చుట్టు కంటే తక్కువ తిప్పండి. ఇనుప స్క్రూడ్రైవర్ ససేమిరా వద్దు, అక్కడ హైవోల్టేజి ఉంటుంది.
- మళ్లీ రెండు గీతలు రాయండి. దగ్గరికి వస్తే అదే దిశ, దూరమైతే వెనక్కి.
- రెండూ ఒకే గీత మీదికి వచ్చి, డిప్‌కు అటూ ఇటూ ఐసీ ఒకేలా లేస్తే అయిపోయింది.

ఫైనల్స్ కేజ్ మూత పెట్టిన తర్వాత ఇంకోసారి చూడండి. మూత తీసి చేసినది, మూత పెట్టగానే కొంచెం జరుగుతుంది.

9. వినిపించడం తగ్గితే, డయల్ దుంకుతుంటే

రిసీవ్ మందంగా ఉంటే మొదట యాంటెనా రిలే. కవర్ ఉన్న రిలే మీద వేలితో చిన్నగా తడితే శబ్దం ఒక్కసారిగా పెరిగిందంటే కాంటాక్టులే. ప్లగ్ పీకి, కవర్ తీసి, ఆల్కహాల్‌లో తడిపిన సన్నని కాగితం ముక్క కాంటాక్టుల మధ్య పెట్టి లాగండి, ఆకురాయి వద్దు.

మాట్లాడుతుండగా ఫ్రీక్వెన్సీ ఒక్కసారి కిలోహెర్ట్జ్ దుంకితే వీఎఫ్‌ఓ (డయల్ తిప్పితే ఫ్రీక్వెన్సీ మార్చే ఆసిలేటర్). కెపాసిటర్ షాఫ్ట్‌ను గ్రౌండ్‌కు కలిపే చిన్న రేకు స్ప్రింగ్ మట్టి పట్టి ఉంటుంది. టూత్‌పిక్ మొనకు క్లీనర్ అద్ది ఆ చోట మాత్రమే పెట్టి, నాబ్ ఈ చివరి నుంచి ఆ చివరికి పదిసార్లు తిప్పండి. లోపల స్ప్రే కొట్టొద్దు, కాయిల్స్ తడిస్తే డయల్ మొత్తం జరుగుతుంది. మెల్లగా జరగడం వేరు, అది వేడెక్కేదాకా అన్ని పాత సెట్లలోనూ ఉంటుంది, అరగంట ఆగండి.

డయల్ సరిచూడాలంటే 25 కిలోహెర్ట్జ్ మార్కర్ (ప్రతి 25 కిలోహెర్ట్జ్‌కు ఒక గుర్తు సిగ్నల్ ఇచ్చేది) ఆన్ చేసి జీరో బీట్ చేయండి, అంటే దాని ఈల శబ్దం దిగి దిగి ఆగిపోయేదాకా తిప్పండి. మార్కర్‌నే సరిచూడాలంటే బ్యాండ్ స్విచ్‌ను 10 మెగాహెర్ట్జ్ పొజిషన్‌కు తిప్పి, చైనా టైం సిగ్నల్ బీపీఎం టిక్ టిక్ వినిపిస్తున్నప్పుడు దానితో కలపండి.

ఇంకో పని చేయండి. ప్రతి బ్యాండ్‌లో యాంటెనా తీసి, మార్కర్ ఎస్-మీటరు మీద ఎంత చూపిస్తుందో రాసుకోండి. హెచ్ఎఫ్‌లో (షార్ట్‌వేవ్‌లో) ఎస్9 అంటే యాంటెనా దగ్గర 50 మైక్రోవోల్టులని ప్రమాణం ఉంది గానీ, పాత మీటర్లు దాన్ని అంత ఖచ్చితంగా పాటించవు. అయినా మీ సెట్టు, మీ మార్కర్ మారవు కదా. ఆర్నెల్ల తర్వాత ఏదైనా బ్యాండ్‌లో ఆ అంకె రెండు పాయింట్లు పడిపోతే, బ్యాండ్ బాగాలేదా, సెట్టు బాగాలేదా అన్న టెన్షన్ లేకుండా రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

10. పై కవర్ లోపల అంటించాల్సిన కాగితం

అంతా బాగున్న రోజునే ఇవి రాసి, తేదీ వేసి అంటించండి:

- గోడ వోల్టేజి, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపింగ్
- ప్లేట్ వోల్టేజి రిసీవ్‌లో, ట్రాన్స్‌మిట్‌లో
- గ్రిడ్ దగ్గర బయాస్, సప్లయి వైపు బయాస్
- బయాస్ ఐసీ, ఐదు నిమిషాలకు, పదిహేను నిమిషాలకు
- ప్రతి బ్యాండ్‌లో ప్లేట్, లోడింగ్, ప్రీసెలెక్టర్ గుర్తులు, పీఓ
- ప్రతి బ్యాండ్‌లో మార్కర్ ఎస్-మీటరు అంకె
- కాథోడ్ రెసిస్టర్ కొలిచిన విలువ
- ఎవరు, ఏ ప్రీసెట్, ఎటువైపు, ఎంత తిప్పారు

ఫోన్ చేసేటప్పుడు ఈ కాగితం చేతిలో పట్టుకుని చేయండి. గోడ వోల్టేజి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ అడుగుతా.